పైకప్పు మూసి కొలిచాకే పై పడకకు పరుపు కొనండి

మీరు అడిగినది ఇది: క్యాంపర్ వ్యాన్ పాప్-అప్ రూఫ్‌లోని (నిలిపినప్పుడు పైకి లేచే, టెంటు గుడ్డ గోడలున్న పైకప్పులోని) పడకకు కంపెనీ ఇచ్చిన 4 సెంటీమీటర్ల పరుపు నలిగిపోయింది, పక్కకు తిరిగి పడుకుంటే తుంటి కింద పలక తగులుతోంది, పరుపు ఎత్తి చూస్తే అడుగున చెమ్మ, నల్లటి బూజు మచ్చలు కనిపిస్తున్నాయి, కాబట్టి దాన్ని తీసేసి 10 సెంటీమీటర్ల మెమరీ ఫోమ్ కోయించి వేసుకోవచ్చా? వేయవద్దనే నా సలహా. ఈ పడకకు పరుపు ఎంచుకునేటప్పుడు చాలామంది దాని మీద నిద్రపోయే గంటలనే లెక్కలోకి తీసుకుంటారు. ఆ పరుపు తన ఆయుష్షులో ఎక్కువ భాగం గడిపేది మాత్రం మూసి ఉన్న పైకప్పు కింద, ఎండకు కాగిన చోట, గాలి ఆడకుండా, కొద్దో గొప్పో నలుగుతూనే. ఆ మూసి ఉన్న కాలానికి తట్టుకునే పరుపేదో ముందు తేల్చుకుంటే, అందులో మీ నడుముకు నప్పేది ఏదన్న ప్రశ్న చాలా చిన్నదైపోతుంది.

పొడవు వెడల్పుల సంగతి తరువాత చూడవచ్చు. ముందుగా పైకప్పు పూర్తిగా మూసినప్పుడు పడక పలకకూ పైకప్పు లోపలి తాపడానికీ మధ్య ఎంత ఖాళీ మిగులుతుందో తెలియాలి. ఆ ఖాళీ అంతటా ఒకేలా ఉండదు. సాధారణంగా నడుమ ఎక్కువగా, పక్కలకు వచ్చేసరికి తక్కువగా, పైకప్పు వాలే అంచున మరీ తక్కువగా ఉంటుంది. పైగా మూసేటప్పుడు లోపలికి ముడుచుకునే టెంటు గుడ్డ మడతలు కూడా ఆ పక్కల ఖాళీలోనే వచ్చి పడతాయి. మూసిన తరువాత లోపలికి తొంగి చూసే వీలు లేదు కనుక కంటి అంచనా ఇక్కడ పనికిరాదు.

దీనికి పిల్లలు బొమ్మలు చేసుకునే మెత్తటి క్లే చాలు. పాత పరుపును పూర్తిగా తీసేసి, క్లేతో సుమారు 10 సెంటీమీటర్ల ఎత్తున్న ముద్దలు పది పన్నెండు చేసి, పైన తాపడానికి అంటుకోకుండా పల్చటి పాలిథీన్ కాగితంలో చుట్టి, పలక నాలుగు మూలల్లో, రెండు పక్కల నడుమ, సరిగ్గా మధ్యలో, కీళ్ల దగ్గర, స్ట్రట్లు (ఎత్తి నిలిపే ఊత కడ్డీలు) మడిచే చోట నిలబెట్టండి. పడకను ప్రయాణంలో ఉండే స్థితికి తెచ్చి, గుడ్డను ఎప్పటిలాగే లోపలికి సర్దుతూ పైకప్పును దించి, గొళ్ళాలు పూర్తిగా వేయండి. మళ్ళీ తెరిచాక నలిగిన ప్రతి ముద్దలోనూ ఒక పల్చటి పుల్ల గుచ్చి, అది పలకను తాకేదాకా ఎంత లోతు దిగిందో స్కేలుతో చూసి, ఆ సంఖ్యను అక్కడే మాస్కింగ్ టేపు అంటించి దాని మీద రాయండి. పలక మీద పరచుకున్న ఈ అంకెలే మీ పరుపు మందాన్ని నిర్ణయిస్తాయి. ఉదాహరణకు నడుమ 75 మిల్లీమీటర్లు, పక్కల 55, ముందు అంచున 40 వచ్చిందనుకుందాం. అప్పుడు 50 మిల్లీమీటర్ల పరుపు వేసి, ముందు అంచును కొద్దిగా ఏటవాలుగా కోసి 35కు దింపడం సరైన పని. నడుమ మిగిలే 25 మిల్లీమీటర్లు చూసి మొత్తం పరుపును మందం చేయాలన్న ఆశ పుడుతుంది కానీ, దుప్పటీ రగ్గూ పైనే వదిలేసి పైకప్పు మూసే అలవాటు ఉన్నవారికి ఆ ఖాళీ వాటికే సరిపోతుంది.

ఫోమ్ మెత్తనిదే కదా, కాస్త మందంగా ఉన్నా పైకప్పు అదే నొక్కేసుకుంటుంది కదా అని కొందరు వాదిస్తారు. లెక్క వేసి చూస్తే ఆ వాదన నిలవదు. మోస్తరు గట్టిదనం ఉన్న ఫోమ్‌ను దాని మందంలో 40 శాతం మేర నొక్కడానికి సుమారు 4 కిలోపాస్కల్‌ల ఒత్తిడి కావాలి, అంటే ప్రతి చదరపు మీటరు మీద దాదాపు 400 కిలోల బరువు పెట్టినట్టు. 2 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు ఉన్న పడక వైశాల్యం 2.4 చదరపు మీటర్లు కాబట్టి, 10 సెంటీమీటర్ల పరుపును 6 సెంటీమీటర్ల ఖాళీలో ఇరికించాలంటే లెక్క ప్రకారం 960 కిలోల భారం కావాలి. పైకప్పు వంపు వల్ల అందులో నాలుగో వంతు చోటే తగులుతుందనుకున్నా అది 240 కిలోలు. అదంతా మోయవలసినవి రెండు మూడు గొళ్ళాలు, కొన్ని కీళ్లు, ఫైబర్ గ్లాస్ లేదా లోహపు రేకు పైకప్పు. మరో సంగతేమిటంటే ఫోమ్ ఎదురుదెబ్బ నొక్కిన కొద్దీ నెమ్మదిగా పెరుగుతూ పోదు. మొదటి కొద్ది మిల్లీమీటర్లలోనే అందులో పెద్ద భాగం వచ్చేస్తుంది. అందువల్ల ఒక్క సెంటీమీటరే కదా ఎక్కువ అన్న సర్దుబాటు కూడా ఖరీదైనదే. ఇలా బలవంతంగా మూసిన పైకప్పు మధ్యలో ఉబ్బి, రబ్బరు సీలు సరిగా ఆనక వాన నీరు లోపలికి దిగుతుంది. గొళ్ళెం సగమే పడి రోడ్డు మీద వేగంగా పోతుండగా గాలికి పైకప్పు లేచే ప్రమాదం దానికంటే పెద్దది.

ఎండ విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఫోమ్ శాశ్వతంగా ఎంత అణగిపోతుందో తేల్చడానికి ఐఎస్ఓ 1856 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఒక పరీక్ష ఉంది: నమూనాను సగానికో, పావు వంతుకో నొక్కి, 70 డిగ్రీల సెల్సియస్ వేడిలో 22 గంటలు ఉంచి, వదిలిన తరువాత అది తన మందంలో ఎంత తిరిగి పొందలేకపోయిందో కొలుస్తారు. ఎండలో నిలిపిన వ్యాన్ పైకప్పు కింద ఇరుక్కున్న పరుపు ఇంచుమించు ఇదే పరీక్షను వేసవి పొడవునా రాస్తూ ఉంటుంది. మీ పాత పరుపు పలచబడింది మీ బరువు వల్లనే అనుకుంటున్నట్టున్నారు. ఒకసారి దాని మందాన్ని మీరు పడుకునే చోటా, ఎవరూ పడుకోని అంచుల వద్దా కొలిచి చూడండి. రెండు చోట్లా అణిగి ఉంటే దోషం మూతదే. కొత్తది మూసి ఉన్నప్పుడు కనీసం 5 మిల్లీమీటర్లైనా ఊపిరాడేలా ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇప్పుడు మెమరీ ఫోమ్. నాసా కోసం 1966లో విమాన సీట్ల కుషన్లుగా రూపొందించిన ఈ పదార్థం శరీర వేడికి మెత్తబడి, నొక్కితే నెమ్మదిగా లొంగి, నెమ్మదిగా పైకి వస్తుంది. ఇంటి పడకగదిలో అది సుఖమే. గుడ్డ గోడల మధ్య, రాత్రి ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు పడిపోయే చోట అదే ఫోమ్ చెక్కలా బిగుసుకుపోయి, శరీరం దాన్ని వేడెక్కించేదాకా లొంగదు. ఎండాకాలంలో మరీ మెత్తబడి, తుంటి నేరుగా పలకదాకా దిగిపోతుంది. పైగా అది బరువు. ఘనపు మీటరుకు 55 కిలోల సాంద్రత ఉన్న మెమరీ ఫోమ్‌తో మీరు అనుకున్న 10 సెంటీమీటర్ల పరుపు 13 కిలోలు దాటుతుంది. కంపెనీ ఇచ్చిన పలుచటి పరుపులు ఈ కొలతలో 3 కిలోలకు అటూ ఇటూగానే ఉంటాయి. పైపొరగా 1 లేదా 2 సెంటీమీటర్లు వాడుకోవడానికి నాకు అభ్యంతరం లేదు కానీ, పరుపు మొత్తాన్ని దానితో చేయించడం ఈ చోటుకు తగదు.

బరువు గురించి ఒక్క మాట. కొన్ని వ్యాన్లలో పడక పలక పైకప్పుతో సంబంధం లేకుండా తన ఆధారాల మీద తాను నిలుస్తుంది. అలాంటప్పుడు నాలుగైదు కిలోలు పెరిగినా పెద్దగా తేడా ఉండదు. మరికొన్నింటిలో పలక కూడా పైకప్పుతోపాటే లేస్తుంది, లేదా విడిగా గ్యాస్ స్ట్రట్ల మీద, అంటే ఒత్తిడితో వాయువు నింపిన ఊత కడ్డీల మీద, పైకి తేలి నిలుస్తుంది. ఆ స్ట్రట్లను పాత బరువుకు సరిపడా మాత్రమే ఎంపిక చేసి ఉంటారు. లోపలి వాయువు పీడనం చలికి తగ్గుతుంది కనుక, 20 డిగ్రీల వద్ద ఉన్న బలంలో సుమారు పదో వంతు మైనస్ 10 డిగ్రీల వద్ద ఉండదు. ఇంటి దగ్గర వెచ్చటి మధ్యాహ్నం చక్కగా నిలిచిన పలక చలి కొండ మీద తెల్లవారుజామున తల మీదికి దిగడానికి కారణం ఇదే. బరువైన పరుపే కావాలనుకుంటే స్ట్రట్ల మీద న్యూటన్లలో ముద్రించిన బలాన్ని చూసి, వాటిని కూడా జతగా మార్చుకోవాలి.

ఇక అసలు సమస్య, మీ పరుపు అడుగున ఉన్న చెమ్మ. దీన్ని పరిష్కరించకుండా ఎంత మంచి ఫోమ్ కొన్నా రెండేళ్లలో మళ్ళీ ఇదే స్థితికి వస్తారు. నిద్రలో ఒక్కో మనిషి శ్వాస ద్వారా, చర్మం ద్వారా పావు లీటరు దాకా నీటిని ఆవిరిగా వదులుతాడు. అందులో కొంత పరుపులోంచి కిందికి దిగుతుంది. లోపలి గాలి 20 డిగ్రీల్లో, 60 శాతం తేమతో ఉంటే, 12 డిగ్రీలకు చల్లబడిన ఏ ఉపరితలం తగిలినా ఆ ఆవిరి నీరవుతుంది. హీటరు ఆపేశాక కింది గది చల్లబడి, దానితోపాటు పలక అడుగు కూడా చల్లబడుతుంది కాబట్టి, పరుపూ పలకా కలిసే చోటే ఆ చల్లటి ఉపరితలం సిద్ధంగా ఉంటుంది. పొద్దున్నే పైకప్పు మూసేస్తే ఆ నీరు అక్కడే మగ్గుతుంది. ప్లైవుడ్‌కు పూసిన వార్నిష్ నీటిని పీల్చనివ్వదు, ఫోమ్ మాత్రం పీల్చుకుంటుంది.

చేయవలసిందల్లా పరుపు కింద గాలి కదిలే సందు కల్పించడం. అతి తేలికైన మార్గం 10 నుండి 20 మిల్లీమీటర్ల మందం ఉన్న త్రీడీ మెష్ పరచడం. నైలాన్ లేదా పాలిస్టర్ పోగులతో అల్లిన ఈ వల మనిషి బరువుకు పూర్తిగా అణగదు, నీటిని పీల్చదు, ఉతికితే త్వరగా ఆరుతుంది. దీని మందాన్ని కూడా పరుపు మందంలో కలిపే లెక్క వేసుకోండి. దీన్ని పలక అంచుల దాకా పరచి, అంచులను తెరిచి ఉంచాలి. చక్కగా కనిపించాలని దాని అంచులను తొడుగులోకి మడిచి కుట్టేవాళ్లున్నారు. గాలి వచ్చే దారి మూసేస్తే సందు ఉన్నా ఫలితం ఉండదు. కొబ్బరి పీచు పొర కూడా గాలి ఆడనిస్తుంది కానీ, అది తేమను కొంత పట్టి ఉంచుతుంది కనుక నా మొగ్గు మెష్ వైపే. ఖాళీ ఎక్కువ ఉన్న వ్యాన్లలో, అంటే నడుమా పక్కలా కూడా 80 మిల్లీమీటర్లు దొరికే చోట, ప్లాస్టిక్ డిస్క్ స్ప్రింగులు అన్నిటికంటే మేలైనవి. 3 నుండి 4 సెంటీమీటర్ల ఎత్తున్న ఆ ప్లేట్లు తుంటికీ భుజానికీ విడివిడిగా లొంగుతాయి కాబట్టి, వాటి మీద 4 సెంటీమీటర్ల ఫోమ్ వేసినా పలక మీద నేరుగా వేసిన 7 సెంటీమీటర్ల ఫోమ్ కంటే సుఖంగా ఉంటుంది. గాలి సందు అదనంగా దొరుకుతుంది.

పలకకు రంధ్రాలు చేయడం గురించి చాలామంది చెబుతారు. ప్లైవుడ్ పలక అయితే 25 మిల్లీమీటర్ల రంధ్రాలను 12, 15 సెంటీమీటర్ల దూరంలో, కీళ్లకూ స్ట్రట్లు బిగించిన చోట్లకూ ఎడంగా చేసి, కోసిన లోపలి అంచులకు వార్నిష్ పూస్తే ప్రయోజనం ఉంది. కానీ పలక పల్చటి పొరల మధ్య తేనెపట్టు గడులో, తేలికపాటి ఫోమో నింపిన సాండ్‌విచ్ రకమైతే రంధ్రం జోలికి పోవద్దు. బలం తగ్గడమే కాక తేమ లోపలి పొరల్లోకి చేరుతుంది. కిందికి వంగి పలక అంచును వేలితో తట్టి చూస్తే, బోలుగా మోగే పలక ఏదో తెలిసిపోతుంది. వెచ్చగా ఉంటుందని పరుపు కింద వెండి రంగు ఇన్సులేషన్ షీట్ పరచడం కూడా నేను తరచూ చూసే పొరపాటు. అది ఆవిరిని దాటనివ్వదు కనుక నీరు పలక మీద చేరే బదులు షీటు మీద, అంటే నేరుగా ఫోమ్‌ను ఆనుకుని చేరుతుంది.

కొత్త పరుపు వేసే ముందు బూజు పట్టిన పాత ఫోమ్‌ను పారేయండి, ఎండబెట్టి మళ్ళీ వాడే ఆలోచన వద్దు. పలకను ఆల్కహాల్‌తో తుడిచి, పైకప్పు తెరిచి ఉంచి పూర్తిగా ఆరనివ్వండి. మచ్చ చెక్క లోపలికి దిగి ఉంటే ఉప్పు కాగితంతో రుద్ది మళ్ళీ వార్నిష్ వేయాలి.

ఫోమ్ కొనేటప్పుడు సాంద్రత, గట్టిదనం అనే రెండు సంఖ్యలను విడివిడిగా అడగండి. ఘనపు మీటరుకు ఎన్ని కిలోలు అన్న సాంద్రత ఆ ఫోమ్ ఎంత కాలం నిలుస్తుందో సూచిస్తుంది. నొక్కడానికి ఎన్ని కిలోపాస్కల్‌లు కావాలన్న గట్టిదనం, దాని మీద పడుకుంటే ఎలా ఉంటుందో చెబుతుంది. సాంద్రత ఎక్కువైతే గట్టిగా ఉంటుందన్నది అపోహ. ఎక్కువ సాంద్రతతో మెత్తటి ఫోమ్, తక్కువ సాంద్రతతో గట్టి ఫోమ్ రెండూ తయారవుతాయి. అమ్మేవారు ఒక్క సంఖ్యే చెప్పి ఊరుకుంటే అది దాదాపు ఎప్పుడూ సాంద్రతే. మీరు చెప్పిన ఇబ్బందికి నేను సూచించేది రెండు పొరల పరుపు: అడుగున 30 మిల్లీమీటర్లు 5 లేదా 6 కిలోపాస్కల్‌ల గట్టి హెచ్ఆర్ ఫోమ్ (హై రెసిలియన్స్, అంటే నొక్కి వదిలితే వెంటనే పైకి లేచే రకం), పైన 20 మిల్లీమీటర్లు 3 కిలోపాస్కల్‌ల మెత్తటిది, రెండూ 40 కిలోలకు తగ్గని సాంద్రతలో. పక్కకు పడుకున్నప్పుడు తుంటి పై పొరలోకి దిగి, అడుగు పొర దగ్గర ఆగుతుంది. ఇలాంటిది 5 కిలోల బరువుకు అటూ ఇటూగా తేలుతుంది. అదే మందంలో లేటెక్స్ (రబ్బరు నురుగు) అయితే 9 కిలోల దాకా పోతుంది. దాని సాగే గుణం నిజంగా గొప్పదే అయినా ఎండ వేడి దానికి పడదు. పొరలను అతికించడానికి నీటి ఆధారిత జిగురును అంతటా పూయకుండా గీతలుగా వేయాలి, లేకపోతే ఎండిన జిగురు మధ్యలో ఒక గట్టి పెచ్చుగా తయారై గాలిని అడ్డుకుంటుంది.

కొలతకు పాత పరుపును నమూనాగా వాడవద్దు, అది ఏళ్ల తరబడి కుంచించుకుపోయి ఉంటుంది. గట్టి అట్టను పలక మీదే పరచి గీసుకుని, ఏది పైవైపో, ఏది వ్యాన్ ముందువైపో దాని మీద రాయండి. అటూ ఇటూ ఒకేలా కనిపించే పలకకు కూడా స్ట్రట్ల కోసం ఒక పక్క మాత్రమే కోత ఉండడం మామూలే. టెంటు గుడ్డ వైపు 10 నుండి 15 మిల్లీమీటర్లు వదలాలి, ఆ మడతలు పరుపుకూ పైకప్పు అంచుకూ మధ్య నలిగితే మొదట చిరిగేది గుడ్డే. మూలలను గుండ్రంగా తిప్పండి. కోయడానికి సన్నటి పళ్లున్న ఎలక్ట్రిక్ కత్తి మేలు. బ్లేడు నిటారుగా ఉంచి, ఫోమ్‌ను చేత్తో నొక్కకుండా, బ్లేడునే పని చేయనిస్తూ పోవాలి. పలక నడుమ మడిచే కీలు ఉంటే పరుపును అక్కడే రెండు ముక్కలు చేసి, అడుగు గుడ్డతో మాత్రమే కలిపి, మడిచిన స్థితిలో ఖాళీని మళ్ళీ చూసుకోవాలి.

తొడుగును ఫోమ్ కంటే ఒక సెంటీమీటరు తక్కువగా కుట్టిస్తే ముడతలు లేకుండా బిగువుగా కూర్చుంటుంది. అంత బిగువైన దానిలోకి ఫోమ్ ఎక్కించడానికి కుషన్లు చేసేవారి పద్ధతి ఒకటుంది: ఫోమ్‌ను పల్చటి పాలిథీన్‌లో చుట్టి, వ్యాక్యూమ్ క్లీనర్‌తో గాలి లాగేస్తే అది కుంచించుకుపోయి సులువుగా లోపలికి జారుతుంది, తరువాత పాలిథీన్ లాగేయాలి. జిప్పు మూడు వైపులా తెరుచుకునేలా, దాని పళ్లు టెంటు గుడ్డను రాసుకోని వైపున ఉండేలా చెప్పండి. అడుగు గుడ్డ జాలీగా ఉండాలి. వాహనాల లోపలి వస్తువులు మండే వేగానికి అమెరికా ప్రమాణం ఎఫ్ఎంవీఎస్ఎస్ 302 నిమిషానికి 102 మిల్లీమీటర్ల హద్దు పెట్టింది. ఐఎస్ఓ 3795 కూడా ఇలాంటి పరీక్షే. ఫోమ్, గుడ్డ రెండింటికీ ఆ పత్రం ఉందేమో అడగండి, పొయ్యి వెలిగించే బండిలో అది అడగదగిన ప్రశ్నే.

వేసిన తరువాత పైకప్పు మూసి, సీలు చుట్టూ అక్కడక్కడ ఒక కాగితపు ముక్కను మధ్యలో పెట్టి లాగి చూడండి. అన్ని చోట్లా పట్టుగా నిలిస్తే సరే, ఒక చోట సులువుగా జారి వచ్చేస్తే పరుపు అక్కడ పైకప్పును ఎత్తుతోందన్నమాట, ఆ భాగాన్ని ఏటవాలుగా కోయాలి. రోజూ లేవగానే పరుపును ఒక పక్క ఎత్తి అరగంట నిలబెట్టి, ఆ తరువాతే మూయండి. వానలో తడి గుడ్డతో మూయవలసి వస్తే, అవకాశం దొరికిన వెంటనే, ఒకటి రెండు రోజులు దాటకుండా, తెరిచి ఆరనివ్వాలి.

మీ క్లే ముద్దలు పక్కలే కాక నడుమ కూడా 45 మిల్లీమీటర్లకు మించి చూపకపోతే ఫోమ్‌తో మీ తుంటి నొప్పి తీరదు. అప్పుడు అడుగున 10 మిల్లీమీటర్ల మెష్, దాని మీద 25 మిల్లీమీటర్ల గట్టి ఫోమ్ శాశ్వతంగా ఉంచి, పైన సెల్ఫ్ ఇన్‌ఫ్లేటింగ్ మ్యాట్ (మూత తిప్పితే తనంతట తానే గాలి నింపుకునే పరుపు) ఒకటి రాత్రికి పరచుకుని, పొద్దున్నే గాలి తీసి చుట్టి కింది అరలో పెట్టుకోవడమే దారి. రోజూ పది నిమిషాల పని పెరుగుతుంది, కానీ పైకప్పు ఏ బలవంతమూ లేకుండా మూసుకుంటుంది.